‘గిరిజన భాష’ అనే మాట గురించి

తిరువూరు దగ్గరి మా ఎ.కొండూరు మండలంలో లంబాడీ తండాలు చాలా ఉన్నాయి. ఆ తండాల పిల్లలు నా తరగతిలో కూర్చుంటారు. కొన్నేళ్ళ కిందట ‘మా ఇల్లు’ అనే వ్యాసంలో ఒక పిల్లవాడు తల్లిని ‘యాడి’ అని రాశాడు. నేను ఎర్రసిరాతో కొట్టివేసి పైన ‘అమ్మ’ అని దిద్దాను. తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణే, ఆ భాష ఎక్కడిదో, దాని చుట్టాలెవరో అప్పటికి నాకు తెలియదు. ‘తండా భాష’ అనుకున్నాను, అంతే.

మన విమర్శ వ్యాసాల్లోనూ ఇదే ధోరణి. ‘గిరిజన భాష’ అని ఏకవచనంలో రాసేస్తాం. ఈ సందర్భంలో ‘పపువన్’ అనే శాస్త్రీయ వ్యవహారం గుర్తుకొస్తుంది. న్యూగినీ ద్వీపంలోనూ దాని చుట్టుపట్లా మాట్లాడే వందల భాషలకు అది ఉమ్మడి పేరు. కాని కుటుంబం పేరు కాదు. మడగాస్కర్ నుంచి ఈస్టర్ దీవి దాకా వ్యాపించిన ఆస్ట్రోనేషియన్ కుటుంబానికి ఆ భాషలు చెందవని చెప్పడానికి పెట్టిన పేరు. పరస్పర బంధుత్వం రుజువు కాని కుటుంబాలెన్నో అందులో ఉన్నాయి. అది సౌకర్యం కోసం పెట్టుకున్న పేరేనని అక్కడి భాషావేత్తలకు తెలుసు. మన ‘గిరిజన భాష’ కూడా అటువంటి పేరే. మనకు మాత్రం ఆ ఎరుక లేదు.

వాస్తవానికి తెలుగునాట ఆ ఒక్క మాట కింద మూడు కుటుంబాలున్నాయి. లంబాడీ ఇండో-ఆర్య భాష, రాజస్థానీకి దగ్గర. గోండి, కొండ, కువి భాషలు ద్రావిడ కుటుంబంలో తెలుగుతో కలిసి ఒకే శాఖకు చెందినవి. అంటే తమిళం కంటే కూడా ఇవే మనకు దగ్గరి చుట్టాలు. ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ అని స్త్రీకీ పశువుకూ ఒకే క్రియ ఎందుకని విద్యార్థులు అడుగుతుంటారు. ఈ సోదర భాషల్లోనూ ఏకవచనంలో అదే పద్ధతి. భద్రిరాజు కృష్ణమూర్తి కొండ భాషా వ్యాకరణం 1969లోనే వచ్చింది. మన తెలుగు పాఠ్యప్రణాళికల్లో ఆ చుట్టరికం ఎంత చెప్పారో చదివినవారికి తెలుసు! ఇక గదబ సంగతి మరీ విచిత్రం. ఆ ఒక్క పేరుతో ఒక ద్రావిడ భాషా ఉంది, ఒక ముండా భాషా ఉంది.

మూడోది ఈ ముండా శాఖ. శ్రీకాకుళం కొండల్లోని సవర దీనికి చెందినదే. దూరపు బంధువులు కంబోడియాలోని ఖ్మేర్, వియత్నామీస్. ఈ పెద్ద కుటుంబాన్ని ఆస్ట్రో-ఏషియాటిక్ అంటారు. పేరు చూసి ఆస్ట్రోనేషియన్‌తో కలిపేయకూడదు; రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయని 1906లో ష్మిట్ ప్రతిపాదించాడు గాని అది ఇంకా నిరూపణ కాలేదు. సవరలో లెక్కపెట్టే తీరు చూడండి: పన్నెండు దాకా వెళ్ళి, పదమూడును ‘పన్నెండూ ఒకటి’ అంటారు. ఇరవై మళ్ళీ ఒక మజిలీ. ముప్ఫైతొమ్మిది అంటే ఇరవై, పన్నెండు, ఏడు. ఈ లెక్కతో బడికి వచ్చిన పిల్లవాడు మన ఎక్కాల ముందు తడబడితే మొద్దు అని పేరు పెడతాం.

పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి సవరల నోటి నుంచే ఆ భాష నేర్చారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. సవరలకు బళ్ళు పెట్టించారు. ప్రతి ఆగస్టు 29న ఆయన వ్యావహారిక తెలుగును పొగుడుతాం; సవర ఊసు ఒక వాక్యంలో ముగుస్తుంది. లిపి లేని భాషను అంత శ్రద్ధగా విన్న చెవే జనం తెలుగును కూడా విన్నదని నా అభిప్రాయం. లిపి సంగతికి వస్తే, 1936లో మంగేయి గొమాంగో సవరకు సొంత లిపి కల్పించాడు.

2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకు ప్రాథమిక బోధన మొదలైంది. వాటిలో లంబాడీ కూడా ఉంది. సాహిత్యంలో రావలసిన మార్పు ఆలస్యంగానైనా వస్తున్నది. రమేశ్ కార్తీక్ నాయక్ తన తెలుగు కథల సంపుటికి ‘ఢావ్లో’ అని లంబాడీ మాటనే పేరు పెట్టుకున్నాడు. 2024లో దానికి సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది.

ఆ మాటకు అర్థం ఏమిటని మా తరగతిలో అడిగాను. ఎప్పుడూ నోరు విప్పని వెనుక బెంచీ అమ్మాయి లేచి, పెళ్ళికూతురు ఏడుస్తూ పాడేదని చెప్పింది. తక్కినవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఒక్క ముక్క పాడమన్నాను. పెళ్ళి లేకుండా పాడకూడదు సార్ అని కూర్చుంది.