మైకు 'గుయ్' మంటోందా? ఆ పిన్ను మాత్రం పీకకండి!

ధనుర్మాసం వచ్చిందంటే మార్కాపురంలో చెన్నకేశవస్వామి గుడి చుట్టుపక్కల తెల్లవారకముందే సందడి. పోయినేడు మా వీధి ఆడవాళ్ళం తిరుప్పావై మా ఇంట్లోనే చదువుకుందామని పాత ఆంప్లిఫయరు ఒకటి తెప్పించాం. శ్రుతి కోసం మా అమ్మాయి లాప్‌టాప్‌లో తంబురా పెట్టి దానికి కలిపింది. స్విచ్చి వేశామో లేదో, తేనెతుట్టె కదిలినట్టు 'గుయ్' మని ఒకటే రొద!

సెట్టు తెచ్చిన అబ్బాయి "ప్లగ్గులో ఆ లావు పిన్ను పీకేస్తే పోద్దక్కా" అన్నాడు. పీకాడు కూడా. రొద నిజంగానే పోయింది. మేమంతా సంబరపడ్డాం. తీరా పక్కింటి వదిన తలస్నానం చేసొచ్చి తడి చేత్తో మైకు అందుకుందో లేదో, "అమ్మో, చురుక్కుమంది!" అని వదిలేసింది.

కరెంటు పని తెలిసిన మా అన్న గిద్దలూరు నుంచి వచ్చి చూసి మా అందరినీ చీవాట్లు పెట్టాడు. ఆ లావు పిన్నే ఎర్తు. పాత సెట్టు కదా, లోపల కరెంటు కొద్దికొద్దిగా రేకు డబ్బాకి కారుతోంది. పిన్ను ఉన్నంతసేపూ అది భూమిలోకి పోయేది. పిన్ను పోయాక దారిలేక మైకు దాకా వచ్చింది. అదే 230 వోల్టుల తీగ పూర్తిగా డబ్బాకి తగిలి ఉంటేనో? తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మరి రొద ఎందుకొచ్చినట్టు? ఆంప్లిఫయరు హాల్లో బోర్డుకీ, లాప్‌టాప్ పడగ్గది బోర్డుకీ పెట్టాం. రెండింటికీ ఎర్తు ఉంది, మధ్యలో పాట తీగ ఉంది. అన్నీ కలిసి ఒక చుట్టయ్యాయి. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది కదా, ఆ ఊపు ఈ చుట్టలో చేరి పాటతో పాటు పెద్దదై వినిపిస్తుంది. అన్న చేసిందల్లా కొత్త ప్లగ్గు వేసి, రెండింటినీ ఒకే బోర్డుకి పెట్టడం. రొద తగ్గిపోయింది. సెట్టుని మాత్రం బాగుచేయించాకే మళ్ళీ ముట్టుకున్నాం.

మీ ఇంట్లోనూ ఇలా అయితే ముందు మైకు, పాట తీగలు అన్నీ ఊడదీసి చూడండి. రొద ఆగిందా, తప్పు తీగల్లో ఉంది. వాల్యూం పూర్తిగా తగ్గించినా ఆగలేదా, లోపల కరెంటుని వడగట్టే కెపాసిటర్లు పాడై ఉండొచ్చు. అది మెకానిక్కు పని. స్విచ్చి ఆపినా వాటిలో కరెంటు నిలవుంటుంది, మీరు మూత తీయొద్దు.

మైకు తీగని కరెంటు తీగతో కలిపి చుట్టకండి. దాటించక తప్పకపోతే అడ్డంగా దాటించండి. దూరం ఎక్కువైతే లోపల రెండు పోగులూ, పైన జాలీ ఉన్న తీగ మేలు. రొద రెండు పోగుల మీదా ఒకేలా పడుతుంది, ఆంప్లిఫయరు తేడానే లెక్కలోకి తీసుకుంటుంది. అత్తగారు ఇద్దరు కోడళ్ళనీ సమానంగా తిడితే ఎవరికీ పట్టనట్టే!

సన్నగా 'స్‌స్' మనే శబ్దం వేరు. వేడికి ప్రతి రెసిస్టరులోనూ పుట్టేదే అది. జాన్సన్, నైక్విస్ట్ అనే ఇద్దరు 1928లోనే లెక్కగట్టి చెప్పారు. పూర్తిగా పోదు. మైకు నోటి దగ్గర పెట్టుకుని వాల్యూం తగ్గిస్తే తెలియకుండా పోతుంది.

ఇంకొక్క మాట. మా వైపు వేసవిలో నేల ఎండి నెర్రెలిస్తుంది. ఎండిన మట్టిలో ఎర్తు సరిగ్గా పనిచేయదు. బొగ్గూ ఉప్పూ వేసిన ఆ ఎర్తు గుంటలో అప్పుడప్పుడూ ఒక బిందెడు నీళ్ళు పోయండి. మా ఇంట్లో ఇప్పుడది తులసికోటకి నీళ్ళు పోసే వేళకే జరిగిపోతోంది.