‘అ!’ అర్థమైందా, కాలేదా? ఒకే సినిమాకు ఇంట్లో రెండు తీర్పులెందుకు

2018 ఫిబ్రవరి 16న ‘అ!’ అనే తెలుగు సినిమా విడుదలైంది. నూజివీడు, ఆగిరిపల్లి వైపు మామిడి తోటలు పూత మీద ఉండే రోజులవి. హీరో నాని, ప్రశాంతి తిపిర్నేనితో కలిసి నిర్మాతగా తీసిన సినిమా ఇది. దర్శకుడు ప్రశాంత్ వర్మకు ఇదే మొదటి సినిమా. 2024లో ‘హను-మాన్’ తీసి దేశమంతా పేరు తెచ్చుకున్నది ఈయనే.

ఇన్నేళ్లయినా ‘అ!’ ప్రస్తావన వస్తే ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. ఇలాంటిది తెలుగులో ఎప్పుడూ రాలేదని ఒకరు. తలా తోకా లేదు, టికెట్ డబ్బులు దండగని మరొకరు. పర్వాలేదు, ఓసారి చూడొచ్చు అని మధ్యలో నిలబడేవాళ్లు తక్కువ.

ఈ తగువును మనం వెంటనే చదువుతో ముడిపెట్టేస్తాం. కాలేజీ పిల్లలకు అర్థమైంది, దాదీకి, మామూకి కాలేదు అంటాం. హైదరాబాద్ మల్టీప్లెక్స్ సినిమా, ఊరికి పనికిరాదు అంటాం. కానీ నచ్చనివాళ్లకు తెలివి తక్కువ కాదు, నచ్చినవాళ్లది గొప్పలకు పోవడమూ కాదు. అసలు తేడా ఎక్కడుందో చూద్దాం. సినిమా ముగింపు కూడా ఇందులో చెబుతున్నాం. ఇంకా చూడనివాళ్లు, చూసే ఉద్దేశం ఉన్నవాళ్లు గమనించాలి.

సినిమాలో ఏముంది?

రెండు గంటల లోపే అయిపోయే సినిమా. కథ దాదాపు అంతా ఒక రెస్టారెంట్‌లోనే నడుస్తుంది. నల (ప్రియదర్శి) అనే కుర్రాడు వంట రాకపోయినా వంటవాడి ఉద్యోగానికి వస్తాడు. అక్కడ తొట్టెలో ఉన్న చేప, కుండీలో ఉన్న బోన్సాయ్ చెట్టు అతనితో మాట్లాడతాయి. చేపకు గొంతు ఇచ్చింది నాని, చెట్టుకు రవితేజ. ఇంకో టేబుల్ దగ్గర రాధ (ఈషా రెబ్బా) తను పెళ్లాడాలనుకునే మనిషిని అమ్మానాన్నలకు చూపించబోతుంది. వాళ్లు అబ్బాయి వస్తాడని ఎదురుచూస్తే క్రిష్ (నిత్యా మీనన్) అనే అమ్మాయి వస్తుంది. యోగి (మురళీ శర్మ) అనే మెజీషియన్ తనను మించినవాడు లేడనుకుంటాడు. ఓ చిన్నపిల్ల అతని గర్వం దించుతుంది. శివ (శ్రీనివాస్ అవసరాల) కాలయంత్రం తయారుచేసే పనిలో ఉంటాడు. మత్తుమందులకు అలవాటుపడిన వెయిట్రెస్ మీరా (రెజీనా)కు దెయ్యం భయం.

వీళ్లందరికీ వేరుగా కాళి (కాజల్ అగర్వాల్) కనిపిస్తుంది. తన పుట్టినరోజున ఎంతోమందిని చంపబోతున్నానంటుంది. చివరికి తేలేదేమిటంటే, మనం చూసినవాళ్లెవరూ బయట లేరు. చేప, చెట్టు, మెజీషియన్, రాధ, అందరూ కాళి మనసు లోపలివాళ్లే. చిన్నతనంలో తగిలిన దెబ్బలకు ఆమె మనసు ఇన్ని ముక్కలైంది. తను చంపుతానన్నది వీళ్లనే, అంటే తనను తానే.

చేప జోకులకు నవ్వుతూ కూర్చున్న హాలు చివరి పావుగంటలో ఈ నిజం ముందు నిలబడుతుంది. తీర్పులు రెండుగా చీలేది సరిగ్గా అక్కడే.

వింత మనకు కొత్త కాదు

తెలుగు ప్రేక్షకుడికి వింతలు ఎక్కవు అనడం తప్పు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో లడ్డూలు వాటంతట అవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్తాయి. అప్పటినుంచి మూడు తరాలు, ఏ మతం ఇంట్లోవాళ్లయినా, దాన్ని చూసి నవ్వుతూనే ఉన్నారు. అక్కడ ఎవరికీ అర్థం కాకపోవడం అనే సమస్య రాలేదు. ఎందుకంటే మాయ ఎవరు చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో మనకు ముందే చెప్పారు. మోసపోయేది తెర మీది పెళ్లివారు. మనం కాదు.

ఒకే మనిషిలో నలుగురు ఉండటం కూడా మనకు తెలిసిన విషయమే. 2005లో ‘అపరిచితుడు’, ‘చంద్రముఖి’ రెండూ తెలుగునాట పెద్ద హిట్లు. కానీ ఆ సినిమాల్లో జబ్బుపడిన మనిషిని మనం బయటినుంచి చూస్తాం. ఇది ఫలానా జబ్బు, ఇందుకు వచ్చింది అని చెప్పేవాళ్లు తెర మీద ఉంటారు. మనం ఆ చెప్పేవాళ్ల పక్కన కూర్చుంటాం.

‘అ!’ ఆ కుర్చీ తీసేసింది. మొదటి సీన్ నుంచి మనల్ని కాళి తలలోపలే కూర్చోబెట్టి, ఆ సంగతి చివరిదాకా చెప్పలేదు. కల కూడా ఇంతే కదా. కలలో ఉన్నంతసేపూ అది కల అని తెలియదు. చనిపోయిన నానా వచ్చి చాయ్ అడిగితే ఇచ్చేస్తాం, ఆశ్చర్యపోం. ఇదేంటి ఇలా వచ్చింది అని అడుక్కునేది లేచాకే.

కాబట్టి సినిమా మధ్యలో ఎవరైనా "ఇదేంటి, చేప మాట్లాడటమేంటి, ఎవరికి ఎవరు సంబంధం?" అని అడిగితే వాళ్లు సరైన ప్రశ్నే అడుగుతున్నారు. పక్కనున్నవాళ్లు జవాబు కోసం ఆగగలిగారు. వీళ్లు ఆగదలచుకోలేదు. తేడా అంతే.

రసం పండును కత్తితో కోస్తే

రెండో కారణం, ఏమనుకుని టికెట్ కొన్నాం అన్నది.

మామిడి ప్రాంతంవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బంగినపల్లిని కత్తితో ముక్కలు కోసి ప్లేటులో పెడతాం. చిన్న రసాన్ని, పెద్ద రసాన్ని చేత్తో పిసికి, మెత్తబడ్డాక ముచిక తీసి జుర్రుకుంటాం. రసాన్ని బంగినపల్లి అనుకుని కత్తి పెడితే పీచు, చేతుల నిండా రసం. పండు తప్పు కాదు, తిన్నవాడి తప్పూ కాదు. ఏ పండో ముందు చెప్పకుండా చేతిలో పెట్టినవాడిని మాత్రం అడగొచ్చు.

‘అ!’ విషయంలో అదే జరిగింది. నాని, రవితేజ గొంతులంటే జనం నవ్వులు ఆశిస్తారు. చేప, చెట్టు అంటే పిల్లల్నీ తీసుకెళ్లొచ్చు అనిపిస్తుంది. లోపల ఉన్నది మాత్రం గాయం, మత్తుమందు, ఆత్మహత్య. హాయిగా నవ్వుకుందామని వెళ్లినవాళ్లకు అది మోసంలా అనిపించింది. కొత్తగా ఏదో ఉంటుందట, చూద్దాం అని వెళ్లినవాళ్లకు అదే బహుమతి అయింది.

విమర్శకుల్లోనూ ఇదే చీలిక కనిపించింది. ప్రయోగాన్ని మెచ్చుకున్నవాళ్లున్నారు, ముగింపులో అన్నీ హడావుడిగా ముడేశారు అన్నవాళ్లూ ఉన్నారు. 2019లో ప్రకటించిన 66వ జాతీయ సినిమా అవార్డుల్లో ‘అ!’కు మేకప్‌కూ, స్పెషల్ ఎఫెక్ట్స్‌కూ బహుమతులు వచ్చాయి. అవార్డు వచ్చినంత మాత్రాన ఇంట్లో తగువు తీరదనుకోండి.

ఈ తగువు ఒక్క తెలుగువాళ్లది కాదు

కలలాంటి హాస్య సినిమాలు ఎక్కడ వచ్చినా జనం ఇలాగే రెండు వైపులయ్యారు. 1972లో లూయీ బున్యుయెల్ అనే దర్శకుడు ఫ్రెంచిలో ‘ది డిస్క్రీట్ చార్మ్ ఆఫ్ ది బూర్జువాజీ’ తీశాడు. మన మాటల్లో చెప్పాలంటే అదొక ఎప్పటికీ పూర్తికాని దావత్ కథ. కొంతమంది పెద్దమనుషులు భోజనానికి కూర్చుంటారు. ప్రతిసారీ ఏదో అడ్డం వస్తుంది. ఒకసారి కూర్చున్న చోటు నాటకం స్టేజీ అని తెలుస్తుంది, తెర లేస్తే ఎదురుగా జనం. అది ఒకరి కల అనుకునేలోపు, ఆ కల ఇంకొకరి కలలోదని తేలుతుంది. దానికి ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ వచ్చింది.

మన దేశంలో కమల్ స్వరూప్ 1988లో ‘ఓం దర్-బ-దర్’ తీశాడు. అజ్మీర్, పుష్కర్ ప్రాంతంలో నడిచే హిందీ సినిమా. అందులో కప్పల కడుపులో వజ్రాలుంటాయి. దేనికీ చివరిదాకా వివరణ ఉండదు. అది మామూలు థియేటర్లకు రావడానికి 2014 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది. ఈలోపు పాత క్యాసెట్ల మీద చూసి దాన్ని నెత్తిన పెట్టుకున్న కుర్రాళ్లూ తయారయ్యారు.

మనకు దగ్గరి ఉదాహరణ మమ్ముట్టి నటించిన ‘నన్‌పకల్ నేరత్తు మయక్కం’. ‘స్వాతికిరణం’, ‘యాత్ర’ చూసిన తెలుగువాళ్లకు మమ్ముట్టి కొత్త కాదు. దర్శకుడు లిజో జోస్ పెల్లిస్సెరి. 2023 జనవరిలో థియేటర్లకు వచ్చింది. వేలాంకణ్ణి యాత్ర ముగించుకుని బస్సులో తిరిగొస్తున్న జేమ్స్ అనే మలయాళీ మధ్యాహ్నం కునుకు తీస్తాడు. లేచి బస్సు ఆపించి, ఓ తమిళ పల్లెలోకి నడిచి, ఓ ఇంట్లోకి సొంత ఇల్లులా వెళ్లిపోతాడు. ఆ ఇంట్లోంచి రెండేళ్ల కిందట మాయమైన సుందరంలా తమిళం మాట్లాడుతూ, పాలు పోస్తూ తిరుగుతాడు. వెంట వచ్చినవాళ్ల కంగారు చూస్తే నవ్వొస్తుంది, ఆ ఇంటి ఇల్లాలి ముఖం చూస్తే నవ్వు ఆగిపోతుంది. కేరళ రాష్ట్ర అవార్డుల్లో ఉత్తమ చిత్రమైంది. బాగా నెమ్మది, ఏమీ జరగదు అన్నవాళ్లూ ఉన్నారు.

వీటి పక్కన పెట్టి చూస్తే ‘అ!’ ఎంతో దయగలది. కనీసం చివర్లో తాళం చెవి చేతిలో పెడుతుంది. విచిత్రమేమిటంటే కొందరికి నచ్చనిది అదే. అంతసేపూ కలలా నడిపి, చివరికి ఒక జబ్బు పేరు చెప్పి సరిపెట్టారేంటని వాళ్ల బాధ.

లేచి వెళ్లినవాళ్ల మాట కూడా వినాలి

మధ్యలో లేచి వెళ్లిన పెద్దవాళ్లను పాతకాలంవాళ్లని తీసిపారేయడం మనకు అలవాటైంది. వాళ్ల అభ్యంతరాల్లో పస ఉంది. చిన్నపిల్లలతో కూర్చున్నప్పుడు మత్తుమందు సీన్లు, తుపాకీ, రక్తం చూడాల్సి రావడం ఇబ్బందే. రాధ, క్రిష్‌ల కథ చాలా కుటుంబాల్లో మౌనం తెస్తుంది. చనిపోవడమే విడుదల అన్నట్టు కనిపించే ముగింపు, మనసు బాగోలేని పిల్లవాడు ఇంట్లో ఉంటే నిజంగా భయపడాల్సిన విషయం.

ఇంకో మాట. ఈ సినిమా వైద్య పుస్తకం కాదు. మనసు పలు వ్యక్తులుగా చీలే స్థితిని డాక్టర్లు ఇప్పుడు డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అంటున్నారు. మల్టిపుల్ పర్సనాలిటీ అనే పాత పేరును అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 1994లోనే మార్చింది. బాల్యంలో పదే పదే జరిగిన హింసతో దీనికి గట్టి సంబంధం ఉందని చెబుతారు. ఆ స్థితిలో ఉన్నవాళ్లంతా తుపాకీ పట్టుకుని తిరగరు. ఇది దెయ్యమూ కాదు, తావీజుతో పోయేదీ కాదు. చికిత్స ఉంది.

మరి సినిమా మెచ్చుకున్న పిల్లల మాటలో ఉన్న నిజం ఏమిటి? చెప్పుకోలేని బాధ నేరుగా రాదు, వేషం వేసుకుని వస్తుంది. చేపలా జోకు వేస్తుంది, మెజీషియన్‌లా గొప్పలు చెబుతుంది. ఆ వేషాలు చూపించాలంటే కథ తిన్నగా సాగదు. ఈ సినిమా వంకరగా ఉండటానికి కారణం అదే.

మన ఇళ్లలో కలల విషయంలో పెద్దలు చెప్పే ఓ జాగ్రత్త ఉంది. వచ్చిన ఖ్వాబ్‌ను అందరికీ చెప్పొద్దు, నీ మంచి కోరేవాళ్లకే చెప్పు అంటారు. యూసుఫ్ అలైహిస్సలాం కథ విన్నవాళ్లకు ఇంకో సంగతి గుర్తుండే ఉంటుంది. రాజుకు వచ్చిన కలను దర్బారువాళ్లు కలగాపులగం అని కొట్టిపారేశారు. అర్థం చెప్పగలిగినవాడు జైల్లో ఉన్నాడు. ఆ కథకూ ఈ సినిమాకూ పోలిక పెట్టడం లేదు. కానీ అర్థం కానిదాన్ని వెంటనే పిచ్చిమాట అనేస్తే ఏం పోగొట్టుకుంటామో అందులో ఉంది. కాళికి తన లోపలి గోల చెప్పుకోవడానికి ఒక్క మనిషి కూడా దొరకలేదు.

ఇంట్లో చూడాలనుకుంటే

పిల్లలతో కలిసి పెట్టుకోవద్దు. పెద్దవాళ్లు, కాలేజీ వయసు పిల్లలు కలిసి చూడొచ్చు. నవ్వుల సినిమా అని చెప్పి కూర్చోబెట్టకండి. కలలా ఉంటుంది, చివర్లో బాధ ఉంటుంది అని ముందే చెప్పండి. నచ్చకపోతే ఆపేసే స్వేచ్ఛ అందరికీ ఉండాలి. అయిపోయాక "నీకు అర్థం కాలేదు" అనే మాట ఎవరూ ఎవరినీ అనకూడదు. ఎక్కడ నవ్వొచ్చింది, ఎక్కడ ఇబ్బందైంది అని అడగండి.

ఆ మాటల్లో ఇంట్లో ఎవరైనా తమ సొంత కథ చెప్పడం మొదలుపెడితే, సినిమా సంగతి వదిలేసి వాళ్లది వినండి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. ఏ వేళలోనైనా, తెలుగులోనూ మాట్లాడొచ్చు, డబ్బులు పడవు. పిల్లల మీద ఎలాంటి హింస జరిగినా చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి. పిల్లలు ఇలాంటివి ఒక్కోసారి తలా తోకా లేకుండానే చెబుతారు. అప్పుడు విసుక్కోకుండా చివరిదాకా వినాలి.