కొండ నేర్పిన అక్షరం

కొత్తచెరువు పేరు వినగానే దాని అర్థం మనకు బోధపడుతుంది. సమీపంలోని పెనుకొండ కూడా అటువంటి పేరే. 'పెను' అంటే పెద్ద. కనుక పెనుకొండ అంటే పెద్ద కొండ. ఆ ఊరికే సంస్కృతంలో 'ఘనగిరి' అని మరొక పేరు కలదు. తిరుమల కొండలను 'ఏడుకొండలు' అనీ, 'సప్తగిరులు' అనీ పిలుస్తాము. 'సప్తకొండలు' అని మాత్రం ఎవరూ అనరు. అటువంటి కలయికను వైరి సమాసమని అంటారు. ఏ మాట పక్కన ఏ మాట ఇముడుతుందో తెలుగువారికి చెవియే చెబుతుంది.

ఇప్పుడొక ఊహ చేద్దాము. 'కొండ', 'గిరి' అనే రెండు మాటలకూ ఒకే గుర్తు ఉండి, సందర్భాన్ని బట్టి ఒకచోట కొండ అనీ, మరొకచోట గిరి అనీ చదువవలసి వస్తే ఎలా ఉంటుంది? జపాను లిపిలో జరిగేది సరిగ్గా ఇదే. జపనీయులు చైనా లిపిని స్వీకరించినప్పుడు, అక్షరంతో పాటు చైనా ఉచ్చారణను కూడా తీసుకొన్నారు. తమ సొంత మాటనూ విడువలేదు. ఇటువంటి అక్షరాలను 'కంజి' అంటారు.

కొండను సూచించే కంజి మూడు శిఖరాల బొమ్మ నుండి పుట్టినది. దానిని మూడు గీతలలో వ్రాస్తారు. మొదట నడుమ పొడవైన నిలువు గీత. తరువాత ఎడమవైపు దిగి, అడుగున కుడికి మలిగే గీత. చివర కుడివైపు పొట్టి నిలువు గీత. దీనికి జపాను మాట 'యమ'. చైనా నుండి వచ్చిన ఉచ్చారణ 'సన్'.

ఈ రెండింటి తేడాను తెలుసుకొనుటకు ఉత్తర జపానులోని దేవా పర్వతాల యాత్ర చక్కని పాఠం. హగురో, గస్సన్, యుదోనో అనే ఈ మూడు పవిత్ర పర్వతాలను కలిపి 'దేవా సంజన్' అంటారు. 'సంజన్' అంటే మూడు కొండలు. మొదటి 'సన్' మూడు అనే సంఖ్య, రెండవది కొండ. నకారం తరువాత సకారం మెత్తబడి 'జన్' అయినది. ద్రుతం తరువాత పరుషాలు సరళాలగు మన సంధిని ఇది గుర్తుకు తెస్తుంది.

హగురో శిఖరానికి సుగి వృక్షాల నడుమ 2,446 రాతిమెట్లు ఎక్కాలి. 'గస్సన్' అంటే చంద్రుని కొండ. దాని ఎత్తు 1,984 మీటర్లు. 1689లో మహాకవి బషో ఈ పర్వతాలను దర్శించాడు. హగురోను వర్తమానానికి, గస్సన్‌ను గతానికి, యుదోనోను భవిష్యత్తుకు ప్రతీకలుగా భక్తులు భావిస్తారు. ఇక్కడ తపస్సు చేసే సాధకులను 'యమబుషి' అంటారు. అనగా కొండలలో శయనించేవారు. కొండ పేరులో 'సన్' అయిన అక్షరమే, సాధకుని పేరులో 'యమ' అయినది!

విదేశీయులు కొందరు 'ఫుజియమ' అని పిలిచే పర్వతాన్ని జపనీయులు 'ఫుజిసన్' అంటారు. మనుషుల పేర్ల చివర గౌరవంగా చేర్చే 'సన్' వేరు. ఇది కొండ అనే అర్థమిచ్చే 'సన్'.

కంజిని ఒంటరిగా వల్లెవేసినంత మాత్రాన చదువుట రాదు. ఊరి పేరులో, కొండ పేరులో, మనిషి పేరులో అది ఎలా పలుకుతుందో గమనించాలి. మన భాషకూ ఇది వర్తిస్తుంది. పెనుకొండను కేవలం బస్సు పలకపై పేరుగా చదివేవారికి అది ఒక ఊరు మాత్రమే. 'పెను'కు అర్థం తెలిసినవారికి, ఆ కొండ పేరులోనే కనబడుతుంది.