క్రిములతో పోరాడే ఇనుప రేణువులు



గాయానికి కట్టు కట్టించుకోవడానికి మా ఆసుపత్రికి వచ్చేవారిలో చాలామంది ఒక సంగతి గమనించే ఉంటారు. గాయం మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయగానే తెల్లని నురుగు పొంగుతుంది. "క్రిములన్నీ చచ్చిపోతున్నాయి" అని రోగులు సంతోషిస్తారు. నిజానికి ఆ నురుగు క్రిములు చావడం వల్ల వచ్చేది కాదు. మన రక్తంలోను, కొన్ని రకాల క్రిములలోను కాటలేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. ఆ ఆక్సిజనే నురుగై కనబడుతుంది. అంటే మనం పోసిన మందులో చాలా భాగం క్రిమిని తాకకముందే నీరైపోతుందన్నమాట.

అలా నీరైపోయే పెరాక్సైడ్‌ను క్రిములను చంపే ఆయుధంగా మార్చగలమా? దీనికి జవాబును శాస్త్రజ్ఞులు అతి చిన్న లోహపు రేణువులలో వెదకుతున్నారు.

మన శరీరం చేసే పని

ఎంజైము అంటే తాను ఖర్చు కాకుండా శరీరంలోని రసాయన మార్పులను వేగంగా జరిపించే ప్రోటీను. అన్నం నమిలేకొద్దీ తియ్యగా అనిపించడం ఉమ్మిలోని ఎంజైము పనే. గాయంలో క్రిమి చేరినప్పుడు తెల్ల రక్తకణాలు దానిని మింగి, పెరాక్సైడ్‌ను తయారుచేస్తాయి. తరువాత మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము ఆ పెరాక్సైడ్‌తో, బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లలో ఉండే క్రిమిసంహారక ఆమ్లాన్నే తయారుచేస్తుంది. చీములో కనబడే ఆకుపచ్చ ఛాయ ఈ ఎంజైముదే. దాని పనికి ఆధారం అందులో ఉన్న ఇనుము.

ఇనుము ఎంజైములా పనిచేస్తుందా?

2007లో చైనా శాస్త్రజ్ఞులు ఒక ఆశ్చర్యకరమైన విషయం ప్రకటించారు. అయస్కాంత రాయిలో ఉండే ఐరన్ ఆక్సైడ్‌నే నానో రేణువులుగా చేస్తే, ప్రోటీను ఏమీ లేకుండానే అవి పెరాక్సిడేజ్ ఎంజైములా పనిచేస్తున్నాయి. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. ఇలాంటి పదార్థాలను నానోజైములు అంటారు. ప్రోటీను ఎంజైములు వేడికి త్వరగా చెడిపోతాయి, ఈ రేణువులు అంత తేలికగా చెడవు.

ఇవి పెరాక్సైడ్ నుండి చాలా చురుకైన కణాలను పుట్టిస్తాయి. ఆ కణాలు క్రిమి పైపొరను, లోపలి ప్రోటీన్లను, డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తాయి. ఒకేసారి అనేక చోట్ల దెబ్బ తగులుతుంది గనుక క్రిమి తప్పించుకోవడం కష్టం.

పంటి పాచిపై ప్రయోగం

పంటి మీద క్రిములు జిగట పొర కట్టుకొని దాక్కుంటాయి. అదే పాచి. ఆ పొరలోనికి మందులు సులభంగా చొరబడలేవు. మనం తిన్న తీపిని క్రిములు ఆమ్లంగా మార్చి, పన్ను పిప్పి చేస్తాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫెరుమాక్సిటాల్ అనే ఐరన్ ఆక్సైడ్ మందును తీసుకున్నారు. మూత్రపిండాల రోగులలో రక్తహీనతకు వాడటానికి ఆ దేశం 2009లోనే దీనికి అనుమతి ఇచ్చింది. ఈ మందును కొద్దిపాటి పెరాక్సైడ్‌తో కలిపి ఎలుకల పళ్లకు పూయగా పిప్పి తగ్గిందని, చిగుళ్లకు హాని కనబడలేదని 2018లో ప్రకటించారు. ఇందులో ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఈ రేణువులు పులుపు ఉన్నచోటే బాగా పనిచేస్తాయి. పాచిలో ఆమ్లం ఉంటుంది, ఆరోగ్యమైన నోటిలో అంతగా ఉండదు. కాబట్టి క్రిములు దాక్కున్న చోటనే వాటి పని ఎక్కువ.

ఎందుకు ఇంత ప్రయత్నం?

యాంటీబయాటిక్‌లకు లొంగని మొండి క్రిముల వలన 2019లో ప్రపంచమంతటా సుమారు 12.7 లక్షల మంది మరణించారని అంచనా. కొత్త మందులు నెమ్మదిగా వస్తున్నాయి, క్రిములు మాత్రం త్వరగా మారుతున్నాయి. అందుకే కొత్త దారులు వెదకవలసి వస్తోంది.

అయితే తొందరపడకూడదు. ఆ చురుకైన కణాలకు క్రిమి ఏదో, మన కణం ఏదో తెలియదు. లోహపు రేణువులు రక్తంలోనికి వెళితే కాలేయంలోను, ప్లీహంలోను పేరుకోవచ్చు. అందుచేత పళ్లు, పుండ్లు వంటి పైపై చోట్లనే ముందుగా పరీక్షలు జరుగుతున్నాయి. యాంటీబయాటిక్‌ల స్థానంలో వాడదగిన మందుగా ఇవి ఇంకా రాలేదు.

మీరు చేయవలసినవి

"నానో" అని పేరు పెట్టి అమ్మే మందులను వైద్యుని అడగకుండా కొనకండి. ఇంట్లో పుండు మీద రోజూ పెరాక్సైడ్ పోయకండి, కొత్తగా పెరిగే కండ దెబ్బతింటుంది. శుభ్రమైన నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టండి. చక్కెర వ్యాధి ఉన్నవారు ప్రతిరోజూ పాదాలు చూసుకోండి. చిన్న పుండైనా ఆలస్యం చేయక చూపించండి. ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు పళ్లు తోముకోండి. వైద్యుడు యాంటీబయాటిక్ ఎన్ని రోజులు వాడమంటే అన్ని రోజులు వాడండి, మిగిలిన మాత్రలను ఇంకొకరికి ఇవ్వకండి.

కొత్త ఆయుధం చేతికి వచ్చేవరకు, ఉన్న ఆయుధాలు మొద్దుబారిపోకుండా కాపాడుకోవడం మనందరి పని.