చిన్న కెమెరాలు: సెన్సారా, లెన్సా?

కుప్పములో నొక నాటకమును వెనుక వరుసనుండి నా చిన్న డిజిటల్ కెమెరాతో దీసితిని, ముఖములన్నియు మసకబారెను. ఆ కెమెరా సెన్సారు పెద్దదే. మఱి లోపమెచ్చట?

లెన్సుయొక్క ఎఫ్ సంఖ్య తగ్గినకొలది సెన్సారుపై ప్రతి చదరపు మిల్లీమీటరున బడు వెలుతురు హెచ్చును. సెన్సారు పెరిగినకొలది పోగగు మొత్తము హెచ్చును. రెంటిని గుణించి చూడవలయును.

2012లో వెలువడిన రెండు కెమెరాలను గొనుడు. సోనీ ఆర్‌ఎక్స్100 సెన్సారు 13.2 × 8.8 మి.మీ.; పానసోనిక్ ఎల్‌ఎక్స్7 సెన్సారు వైశాల్యమున అందులో సుమారు మూడవ వంతు. వెడల్పు దృశ్యమునకు సోనీ ఎఫ్ 1.8, పానసోనిక్ ఎఫ్ 1.4. ఎఫ్ సంఖ్యల వర్గములను బోల్చిన పానసోనిక్ లాభము 1.65 రెట్లే, కావున సోనీయే గెలుచును. పూర్తిగా జూమ్ చేసినప్పుడో, సోనీ 4.9కు దిగజాఱును, పానసోనిక్ 2.3 కడ నిలుచును. లాభము నాలుగున్నర రెట్లు! చిన్న సెన్సారే ముందగును.

పుంగనూరు పొట్టి ఆవును పాకలో దగ్గఱ నిలిచి తీయువారికి పెద్ద సెన్సారు మేలు. మదనపల్లె చేరువ హార్స్‌లీ కొండపై స్టాండు నిలిపి కొండవరుసలను తీయువారికి ఏదైనను జాలును. బిడ్డల నాటకమును దూరమునుండి తీయు తల్లిదండ్రులు మాత్రము లెన్సుపై ముద్రించిన రెండు సంఖ్యలలో రెండవదానిని జూడవలయును. అంగడివారు చెప్పునది తఱచు మొదటిదే. 2014 నాటి మూడవ ఆర్‌ఎక్స్100 లెన్సు 2.8 వఱకే దిగును గాని, దాని జూమ్ మునుపటికన్న కుఱుచ.