పాత రైలు వంతెనకు క్రొత్త బ్రతుకు

రాజమహేంద్రవరము వద్ద గోదావరిని రైలులో దాటినవారు కమానుల వంతెన ప్రక్కన, రైళ్ళు లేక ఊరక నిలిచియున్న ఒక పాత ఉక్కు వంతెనను చూచియుందురు. అది హేవలాక్ వంతెన. 1897లో మొదలుపెట్టి 1900లో పూర్తిచేసినారు. రెండు స్తంభముల నడిమి భాగమును ఖానా అందురు. ఒక్కొక్కటి 150 అడుగుల ఖానాలు దీనికి 56 కలవు. సుమారు నూరేండ్లు మద్రాసు–హౌరా రైళ్ళను మోసి, 1997లో ఇది విశ్రాంతి పొందినది. దీనిని పాదచారుల వంతెనగా మార్చవలెనని పలుమారు ప్రతిపాదనలు వచ్చినవి. రైలుకు పనికిరానిది మనుష్యులకు మాత్రము ఎట్లు పనికివచ్చునని విద్యార్థికి సందేహము కలుగవచ్చును.

చిన్న లెక్క వేసి చూతము. సరుకు నింపిన నేటి గూడ్సు పెట్టె ఒకటి సుమారు 90 టన్నులు తూగును; దాని పొడవు 10.7 మీటర్లు. అనగా వంతెనపై మీటరు పొడవునకు 8 టన్నులకు పైగా బరువు పడును. ఇక మనుష్యుల మాట. తిరునాళ్ళ జనమువలె క్రిక్కిరిసినను, చదరపు మీటరుకు 500 కిలోగ్రాములు పట్టి లెక్కించిన చాలును. బాట వెడల్పు 3 మీటర్లైనచో, మీటరు పొడవునకు ఒకటిన్నర టన్ను మాత్రమే. ఇది రైలు బరువులో ఐదవ వంతు కన్న తక్కువ.

బరువొక్కటే కాదు. ఒక ఇనుప తీగను చేతితో ఒకసారి వంచినచో విరుగదు. అటునిటు మాటిమాటికి వంచినచో పుటుక్కున విరుగును. దీనినే లోహపు అలసట అందురు. రైలు పోవునప్పుడు ఒక్కొక్క ఇరుసునకు వంతెన కొంచెము వంగి మరల లేచును. అట్లు లక్షలకొలది పర్యాయములు జరుగగా, కంటికి కానరాని బీట క్రమముగా పెరుగును. నడకవలన కలుగు వంపు స్వల్పము. కనుక ఆ బీట పెరుగుదల మిక్కిలి మందగించును.

ఇది వట్టి ఊహ కాదు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమున, హడ్సన్ నదిపై పొకీప్సీ వద్ద 1889 నాటి రైలు వంతెన కలదు. 1974లో అగ్నిప్రమాదము జరుగగా దానిపై రైళ్ళు ఆగిపోయినవి. 35 సంవత్సరములు ఊరకయున్న పిమ్మట దానిని పరీక్షించి, పట్టాల స్థానమున ముందుగా పోతపోసిన కాంక్రీటు పలకలు పరచి, ఇరుప్రక్కల కటకటాలు అమర్చి, 2009లో నడచువారికి తెరచినారు. నీటికి 200 అడుగులకు పైగా ఎత్తున, ఒకటింపావు మైలు పొడవున జనులు నేడు దానిపై నడచుచున్నారు.

అయితే ఒక హెచ్చరిక. రైళ్ళు ఆగినవని తుప్పు ఆగదు. ఉక్కులోని ఇనుము, గాలిలోని ఆమ్లజని, తేమ కలిసినచోట అది నిత్యము తన పని తాను చేయుచునే యుండును. దూలపు మందము తరిగినకొలది దాని బలమును తరుగును. రైళ్ళు నడచునంతకాలము ఏటేట రంగు పూయువారు, బోల్టులు తట్టి చూచువారు ఉందురు. వంతెన విశ్రాంతి పొందిన పిదప ఆ కాపలా సడలునేని, రైలు చేయలేని కీడు వాన చేయును. కావున పాత వంతెనకు క్రొత్త బ్రతుకు నీయదలచినవారు మొదట చేయవలసిన పని పలకలు పరచుట కాదు. దూలముల మందము కొలుచుట, రంగు పూయుట. ఆ పని ఎంత ఆలస్యమైన, మిగులు బలము అంత తగ్గును.