180 లీటర్లు వడకట్టి లీటరున్నర వదిలే కిడ్నీలు

రక్తంలో కణాలు తీసేస్తే మిగిలే ద్రవం ప్లాస్మా. అది మన ఒంట్లో దాదాపు 3 లీటర్లే. కిడ్నీలు రోజుకు వడకట్టేది మాత్రం 180 లీటర్లు, అంటే అదే ప్లాస్మా 60 సార్లు వడపోతకు వస్తుందన్నమాట. మూత్రంగా పోయేది సుమారు లీటరున్నర. మిగతాదంతా తిరిగి రక్తంలో కలుస్తుంది. కిడ్నీ అసలు నేర్పు ఈ తిరిగి తీసుకోవడంలోనే ఉంది.

ఒక్కో కిడ్నీలో నెఫ్రాన్లనే చిన్న వడపోత యూనిట్లు సుమారు 10 లక్షలుంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో సన్నని రక్తనాళాల చుట్ట ఉంటుంది, దాని పేరు గ్లోమెరులస్. రక్తం తెచ్చే నాళం కన్నా తీసుకెళ్లే నాళం ఇరుకు కాబట్టి లోపల ఒత్తిడి ఎక్కువ. ఆ ఒత్తిడికి నీరు, లవణాలు, గ్లూకోజ్, యూరియా బయటికొస్తాయి. రక్తకణాలు, అల్బుమిన్ వంటి పెద్ద ప్రోటీన్లు ఆగిపోతాయి. మూత్రంలో అల్బుమిన్ పడితే డాక్టర్లు జాగ్రత్తపడేది అందుకే.

ఇంతా బయటికి వదిలి మళ్లీ తీసుకోవడమెందుకు? అక్కర్లేనివాటిని ఒక్కొక్కటిగా గుర్తుపట్టాలంటే వాటికి అంతుండదు, ఒంటికి కొత్తవీ చేరుతుంటాయి. కావలసినవాటిని గుర్తుపట్టడమే తేలిక. కొన్ని మందుల్ని మాత్రం గ్లోమెరులస్ తర్వాత ఉండే సన్నని గొట్టాలు, అంటే నాళికలు, పనిగట్టుకుని మూత్రంలోకి నెడతాయి. నాళిక మొదటి భాగమే మూడింట రెండు వంతుల నీటిని, ఉప్పును, దాదాపు మొత్తం గ్లూకోజ్‌ను వెనక్కి తీసుకుంటుంది. రక్తంలో చక్కెర డెసిలీటరుకు 180 మిల్లీగ్రాములు దాటితే ఆ శక్తి చాలక, చక్కెర మూత్రంలో కనబడుతుంది.

ఢిల్లీలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజు, నోయిడాలోనో గురుగ్రామ్‌లోనో ఇటుకలు మోసే కూలీ ఒంట్లో నీరు చెమటగా పోతుంది. అది పసిగట్టి మెదడు వాసోప్రెసిన్ అనే హార్మోన్ వదులుతుంది. చివరి నాళికల్లో నీటి దారులు తెరుచుకుని, మూత్రం ప్లాస్మా కన్నా నాలుగు రెట్ల దాకా చిక్కబడగలదు. అయినా వ్యర్థాలు పోవాలంటే రోజుకు అర లీటరు మూత్రమైనా రావాలి. మరుగుదొడ్డి లేదని పొద్దుట్నుంచీ నీళ్లు మానేసే ఆడకూలీలను కిడ్నీ ఎంతోకాలం కాయలేదు. పనిచోట మరుగుదొడ్డి కట్టించాల్సిందే.

కిడ్నీలు పూర్తిగా దెబ్బతింటే, రక్తాన్ని యంత్రంతో వడకట్టే డయాలిసిస్ గానీ, కిడ్నీ మార్పిడి గానీ దిక్కు. ఢిల్లీ గురుద్వారా బాలా సాహిబ్ ఆవరణలో 2021లో తెరిచిన డయాలిసిస్ ఆసుపత్రిలో బిల్లు కౌంటరే లేదు, చికిత్స ఉచితం. మామూలుగా డయాలిసిస్ వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. నిమిషానికి అర లీటరు చొప్పున ఒక్కసారికి 120 లీటర్ల ద్రావణం కావాలి. కావలసినవేవో ఏరుకోవడం యంత్రానికి రాదు. అందుకే సోడియం, పొటాషియం, బైకార్బొనేట్ ఎంతుండాలో ద్రావణంలో ముందే నిర్ణయించి కలుపుతారు. మూత్రం ఆగిపోయిన రోగి మాత్రం, బయట ఎంత ఎండ కాసినా, తర్వాతి డయాలిసిస్ దాకా నీళ్లు కొలుచుకునే తాగాలి.